ఠాణా దెబ్బ, ఇంటి దెబ్బ

ఠాణాలో దెబ్బలు తిన్నవాడి వీపు నలుగురికీ చూపించి న్యాయం అడగడం మనకు తెలుసు. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి వీపు మీద దుపట్టా కప్పడం అంతకంటే బాగా తెలుసు. లాఠీ దెబ్బను జుల్మ్ అంటాం. మొగుడి దెబ్బను ‘ఘర్ కీ బాత్’ అంటాం. ఉస్తాద్ దెబ్బను తర్బియత్ అంటాం. అబ్బా దెబ్బను ప్రేమ అంటాం. ఒకే దెబ్బకు ఇన్ని పేర్లు పెట్టుకున్న మనం, ఆ దెబ్బ తగిలిన మనసు ఏమవుతుందో ఒక్కసారైనా అడిగామా?

ఈ ప్రశ్న వేయగానే రెండు దిక్కుల నుంచి రెండు గొంతులు లేస్తాయి. ‘బయట మంట పెట్టేటోళ్లకు ఇంట్లోంచి అగ్గిపెట్టె అందిస్తున్నవా?’ అని మనవాళ్లు అడుగుతారు. ‘చూశారా, వాళ్లలోని వాడే చెప్తున్నాడు!’ అని బయటివాళ్లు సంబరపడతారు. మొదటివాళ్ల భయం నాకు అర్థమవుతుంది. రెండోవాళ్ల సంబరం ఇంకా బాగా అర్థమవుతుంది. అయినా ఈ భయానికీ ఆ సంబరానికీ మధ్య నోరు మూసుకుని కూచున్నది ఒక తల్లి, ఆమె కొంగు పట్టుకున్న ఒక పిల్లవాడు. వాళ్ల గురించి మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

1978 మార్చి చివర్లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త అహ్మద్ హుసేన్‌ను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. కేసును కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ చేశారు. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తల్లి నడవడి మంచిది కాదనీ, అసలామె అతని భార్యే కాదనీ పోలీసుల తరఫున వాదించారు. ఆ వాదన విని మన నెత్తురు ఉడికింది. ఉడకాలి కూడా.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయింది కూడా మన పిల్లల్నే. చిత్రహింసలు పెట్టారు, కేసులు బనాయించారు. కేసులు కోర్టులో నిలబడలేదు. నిర్దోషులని తేలి ఇంటికొచ్చిన ఆ యువకులు మునుపటి మనుషులు కారు. రాత్రి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతారు. ఖాకీ రంగు చూస్తే చెమటలు పడతాయి. ‘చేతికి చిక్కిన మనిషిని కొట్టడం నేరం. తప్పించుకోలేని చోట పెట్టి కొట్టడం ఇంకా పెద్ద నేరం. ఒంటి మీది దెబ్బ మానినా లోపలి భయం మానదు’ అని మనం అప్పుడు అన్నాం. నూటికి నూరుపాళ్లు నిజం.

ఇదే మాటను ఠాణా గడప నుంచి మన ఇంటి గడపకు తీసుకురండి. ఒక్క అక్షరమైనా మార్చాల్సిన అవసరం ఉందా?

1992లో అమెరికాలో జూడిత్ హెర్మన్ అనే మానసిక వైద్యురాలు ఒక పుస్తకం వేసింది. యుద్ధం నుంచి వచ్చిన సైనికులు, రాజకీయ ఖైదీలు, ఇంట్లో దెబ్బలు తిన్న భార్యలు, చిన్నప్పుడు అత్యాచారానికి గురైనవాళ్లు - వీళ్లందర్నీ ఆమె పక్కపక్కన నిలబెట్టి చూసింది. గాయం తీరు ఒక్కటే. పీడకలలు ఒక్కటే, ఉలికిపాటు ఒక్కటే, తన మీద తనకే పుట్టే అసహ్యం ఒక్కటే. పెద్ద తేడా ఒకటుంది. ఖైదీకి తనను కొడుతున్నవాడు శత్రువని తెలుసు. పిల్లవాడికి తనను కొట్టే చేయే అన్నం పెట్టే చేయి. ఆ చేతిని ద్వేషిస్తే బతకలేడు. అందుకని తప్పు తనదే అనుకుంటాడు. ‘నేను మంచోణ్ని కాను, అందుకే కొడుతుండు’ అనుకుంటాడు. ఆ మాట లోపల పడి ముప్పయ్యేళ్లయినా పోదు.

కొత్తకోట లాంటి ఊరిని తీసుకుందాం. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే జాతీయ రహదారిని పట్టుకుని ఉన్న ఊరు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి జిల్లా. మెకానిక్ షెడ్లు, పంక్చర్ దుకాణాలు, చికెన్ సెంటర్లు, పండ్ల బండ్లు - ఇట్లాంటి ఊళ్లలో మనవాళ్ల బతుకులు రోడ్డును ఆనుకునే ఉంటాయి. ఇళ్లు మాత్రం గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఈ ఇంట్లో గిన్నె పడితే ఆ ఇంట్లో వినబడుతుంది. మరి మనిషి పడితే? అదీ వినబడుతుంది. గల్లీ గల్లీకి వినబడుతుంది. పక్కింటివాళ్లు టీవీ సౌండ్ పెంచుతారు.

ఆ పడ్డ ఇంట్లో ఏడేళ్ల పిల్లవాడు ఒకడుంటాడు. వాణ్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి వాడికేం కాలేదనుకుంటాం. వాడు మాత్రం సాయంత్రం నుంచే చెవులు రిక్కించి ఉంటాడు. అబ్బా బండి ఆగిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, తలుపు నెట్టిన తీరు - వీటిని బట్టి ఈ రాత్రి ఎట్లా గడుస్తుందో లెక్క కడతాడు. బడిలో పంతులు చెప్పే లెక్క వాడికెట్లా ఎక్కుతుంది? వాడి తెలివంతా ఇంటి లెక్కకే ఖర్చయిపోయింది. ప్రమాదం వచ్చినప్పుడు గుండె వేగంగా కొట్టుకోవడం, కండరాలు బిగుసుకోవడం దేవుడిచ్చిన రక్షణే. పాము కనబడితే అది కాపాడుతుంది. పాము రోజూ ఇంటికే వస్తుంటే ఆ రక్షణే విషమవుతుంది. నిద్ర పోతుంది. ఆకలి పోతుంది. తొమ్మిదేళ్లొచ్చినా పక్క తడుపుతాడు. చిన్నదానికే మీదికి లేస్తాడు, లేకపోతే రాయిలా ముడుచుకుపోతాడు. బడి వాణ్ని మొద్దు అంటుంది, మొహల్లా బద్మాష్ అంటుంది. దెబ్బ తిన్నాడు అని మాత్రం ఎవరూ అనరు.

1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా అనే ఇద్దరు డాక్టర్లు తొమ్మిదిన్నర వేల మంది పెద్దవాళ్లను వాళ్ల చిన్ననాటి గురించి అడిగి ఒక పరిశోధన అచ్చేశారు. నిన్ను కొట్టారా? నిన్ను తిట్టి అవమానించారా? నీ ఒంటి మీద చెయ్యి వేశారా? నీ తల్లిని నీ ముందర కొట్టారా? ఇట్లాంటివి నాలుగు, అంతకు మించి చూసినవాళ్లకు తాగుడు, మత్తుమందులు, దిగులు జబ్బు, ఆత్మహత్యా ప్రయత్నం - వీటి ముప్పు ఇవేవీ చూడనివాళ్ల కంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. గుండెజబ్బులు కూడా వాళ్లలోనే ఎక్కువ. అంటే ఇంటి దెబ్బ ఇంట్లో ఆగదు. నలభయ్యేళ్ల తర్వాత ఆస్పత్రిలో బయటపడుతుంది. తల్లిని కొట్టడం చూడటం కూడా ఆ దెబ్బల లెక్కలో ఉందన్నది గుర్తు పెట్టుకోండి.

ఇది చదివి ‘అయితే దెబ్బ తిన్న పిల్లలందరూ రేపు కొట్టేవాళ్లే అవుతారా?’ అని అడగొద్దు. కారు. చాలామంది కారు. తనను నమ్మే, తన మాట వినే పెద్దమనిషి ఒక్కరుంటే - నానీ కావచ్చు, ఖాలా కావచ్చు, బడి పంతులమ్మ కావచ్చు - పిల్లలు నిలదొక్కుకుంటారని పరిశోధనలూ చెప్తున్నాయి, మన కళ్లూ చెప్తున్నాయి. మరి ఆ ఒక్క మనిషిని కూడా నోరు మూయించేది ఎవరు? మన ఇజ్జత్.

ఇప్పుడు సెక్యులర్ మిత్రులతో రెండు మాటలు. ఇదంతా చదువుతూ ‘పాపం, ముస్లిం స్త్రీలు’ అని నిట్టూర్చబోతున్నారేమో, కాస్త ఆగండి. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పద్ధెనిమిది నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు పెళ్లయిన స్త్రీలలో 36.9 శాతం భర్త చేతి హింసను అనుభవించారు. దేశం మొత్తానికి ఈ లెక్క 29.3. ఏదో ఒక కారణం ఉంటే భార్యను భర్త కొట్టడం సబబే అన్న స్త్రీలు తెలంగాణలో నూటికి దాదాపు 84 మంది! ఈ 84 మందీ బురఖా వేసుకున్నవాళ్లా? ‘కొట్టినా మొగుడే, తిట్టినా మొగుడే’ అన్న మాట ఏ ఖురాన్‌లోంచి వచ్చింది? మన పాలమూరు గడ్డ మీదే పసిపిల్లలను దేవుడి పేరున జోగినులను చేశారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ పిల్లల తలరాత రాసింది ఏ ముల్లా?

ముస్లిం ఇంట్లో జరిగితే మతం, హిందూ ఇంట్లో జరిగితే తాగుడు - ఈ రెండు తక్కెడలు పక్కన పెట్టండి. దెబ్బకు కులం లేదు, మతం లేదు. దెబ్బను దాచే గుడ్డకే మతం ఉంది. మా గుడ్డ రంగు గురించి మేం మాట్లాడతాం. మీ గుడ్డ సంగతి మీరు చూసుకోండి.

1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో పాతబస్తీకి చెందిన పది పదకొండేళ్ల పిల్ల ఏడుస్తూ కూచుంది. పక్కన అరవయ్యేళ్ల సౌదీ పెళ్లికొడుకు. అమృతా అహ్లువాలియా అనే ఎయిర్‌హోస్టెస్ ఆ ఏడుపు చూసింది. ఎందుకేడుస్తున్నావని అడిగింది. విని ఊరుకోలేదు. ఢిల్లీలో పోలీసులు ఆ మనిషిని పట్టుకున్నారు. బెయిల్ దొరికింది. దేశం దాటి పోయాడు. పిల్ల కొన్నాళ్లు ప్రభుత్వ వసతి గృహంలో ఉండి, చివరికి తల్లిదండ్రుల దగ్గరికి చేరింది.

ఆ పిల్ల పేరు దేశమంతా నమిలింది. నేను రాయను. పిల్లల పేర్లు బయటపెట్టకూడదని 2012 పోక్సో చట్టం ఇప్పుడు చెప్తోంది. అప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఒక పక్క ‘ఇస్లాం ఇట్లాంటిది’ అని రాసినవాళ్లు, ఇంకో పక్క ‘కౌమ్ పరువు తీశారు’ అని గుండెలు బాదుకున్నవాళ్లు. తండ్రి పేదరికం గురించి రాశారు, అరబ్బుల డబ్బు గురించి రాశారు, షరియత్ గురించి రాశారు. ఆ పిల్లకు రాత్రిపూట నిద్ర పడుతోందా అన్న ప్రశ్న ఎంతమంది వేశారు? సొంత ఇల్లే తనను చేతులు మార్చిందని తెలిసిన పిల్ల మళ్లీ ఆ ఇంట్లో ఎట్లా కళ్లు మూసుకుంటుంది?

ఇరవై ఆరేళ్లు గడిచాయి. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఒమన్, ఖతార్ దేశాల నుంచి వచ్చిన ఎనిమిది మంది ముసలి పెళ్లికొడుకులను, వాళ్లతో పాటు ఖాజీలను అరెస్టు చేశారు. బ్రోకర్లు అవే గల్లీల్లో తిరుగుతూనే ఉన్నారు. పరువు పోయిందని 1991లో గుండెలు బాదుకున్న కౌమ్, ఆ పరువు పోకుండా ఈ ఇరవై ఆరేళ్లలో చేసిందేమిటి? గుట్టుగా ఉంచడం నేర్చుకుంది. అంతే.

బయటివాళ్ల రాజకీయం సంగతీ చెప్పుకోవాలి. షాబానో ముసలి వయసులో ఇంట్లోంచి వెళ్లగొట్టబడింది. 1985లో సుప్రీంకోర్టు ఆమెకు భరణం ఇవ్వమంది. అదే ఏడాది ఆమె చేతనే ఆ తీర్పు తనకొద్దని బహిరంగ లేఖ ఇప్పించాం. గెలిచిన ముసలమ్మను ఓడినట్టు ఒప్పించిన ఘనత మనది. ఆ ముసలమ్మ కన్నీళ్లను ఓట్లుగా మార్చుకున్న ఘనత వాళ్లది. 2017లో మూడు తలాఖ్‌ల మీద తీర్పు వచ్చింది. 2019లో చట్టం వచ్చింది. తలాఖ్, తలాఖ్, తలాఖ్ - ఈ ఒక్క మాట మీద దేశం ముప్పయ్యేళ్లు వాదించింది. ఆ మాట అనడానికి ముందు పదేళ్లు పడ్డ దెబ్బల గురించి ఇంత గొడవ జరిగిందా? మొగుడు తలాఖ్ ఇస్తే వార్త. ఇవ్వకుండా రోజూ కొడితే సంసారం! 2024 జులైలో తెలంగాణ నుంచి పోయిన కేసులోనే సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరు స్త్రీలలాగే భరణం అడగొచ్చని మళ్లీ చెప్పింది. మంచిదే. కానీ భరణంతో కడుపు నిండుతుంది. మనసులో పడ్డ గండి పూడదు.

మనవాళ్లు ఆ గండిలో పోసే మట్టి పేరు సబర్. ‘సబర్ కరో బేటీ.’ అమ్మీ అంటుంది, ఫుప్పు అంటుంది, పెద్దమనుషులు అంటారు. ‘డోలీలో పోయిన ఇంట్లోంచి జనాజాలోనే బయటికి రావాలె’ అంటారు. సబర్ గొప్ప మాటే. కరువులో, రోగంలో, దేవుడు పెట్టిన పరీక్షలో నిలబెట్టే మాట. మనిషి పెట్టే హింసకు దాన్ని మందుగా ఇవ్వమని ఎవరు చెప్పారు? ఠాణాలో కొడుతుంటే సబర్ చెప్పామా? వకీలును పెట్టుకున్నాం. మరి బిడ్డకెందుకు వకీలు లేడు?

మతాన్ని అడ్డం పెట్టేవాళ్లూ ఉన్నారు. సూరా నిసాలోని ఒక్క ఆయతును పట్టుకుని కర్రకు పర్మిట్ దొరికినట్టు మాట్లాడతారు. ఆ ఆయతుకు అర్థం ఏమిటని ఆలిములే వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ప్రవక్త ఏనాడూ ఏ స్త్రీ మీదా, ఏ సేవకుడి మీదా చెయ్యెత్తలేదని ఆయిషా చెప్పిన మాట హదీసుల్లోనే ఉంది. గడ్డం పొడుగు విషయంలో సున్నత్ అడిగే పెద్దమనిషి, చెయ్యి విషయంలో సున్నత్ ఎందుకు అడగడు? భర్తను వదిలించుకునే ఖులా హక్కు కూడా దీన్‌లోనే ఉంది. దాని గురించి శుక్రవారం ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నాం?

పిల్లల సంగతికి వస్తే, మనది ఇంకా పెద్ద గుట్టు. పిల్లవాణ్ని మక్తబ్‌లో చేర్చేటప్పుడు మనవాళ్లు ఒక మాట అంటారు: ‘గోష్ ఆప్‌కా, హడ్డీ హమారీ.’ మాంసం మీది, ఎముక మాది. హిందూ తండ్రి సర్కారు బడిలో ‘చదవకపోతే తోలు తీయండి సార్’ అంటాడు. భాష వేరైనా పిల్లవాడి ఒంటిని పంచుకునే బేరం ఒక్కటే. ఆ బేరంలో మనసు ఎవరి వాటాకూ రాదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. 2012లో దానికి సవరణ తెచ్చి మదర్సాలకూ, వేద పాఠశాలలకూ ఆ చట్టం వర్తించదన్నారు. మైనారిటీ హక్కు గెలిచిందని మనం సంతోషించాం. మదర్సా మనది, దాన్ని మనమే నడుపుకోవాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ కొట్టే హక్కు మైనారిటీ హక్కు ఎట్లా అవుతుంది? మన పిల్లల వీపులు మనకు మాత్రం మైనారిటీ కావా?

2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వెలువరించింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగానికి మించిన పిల్లలు, 53 శాతం, ఏదో ఒక రకం లైంగిక హింసను ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో మగపిల్లలే సగం కంటే కొంచెం ఎక్కువ. హింసించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. ఇప్పుడు చెప్పండి. ఇజ్జత్‌ను మొత్తం ఆడపిల్ల ఒంట్లో దాచుకున్న మనకు, మగపిల్లవాడి ఒంటి మీద పడ్డ చెయ్యి కనబడుతుందా? ఆడపిల్ల చెప్తే ఇజ్జత్ పోతుందని నోరు మూస్తాం. మగపిల్లవాడు చెప్తే ‘మర్ద్ బన్’ అని నవ్వుతాం. చాచా మీదనో, మామూ మీదనో, చదువు చెప్పే ఉస్తాద్ మీదనో మాట వస్తే ముందుగా పిల్లల చెంప మీదే కొడతాం. మొదటి దెబ్బ వాడు కొట్టాడు. రెండో దెబ్బ మనం కొట్టాం. పిల్లల మనసు విరిగేది ఎక్కువగా ఈ రెండో దెబ్బకే. చెప్పినా ఎవరూ నమ్మరని తెలిసిన పిల్ల ఇక జన్మలో చెప్పదు.

చెప్పని మాట ఊరుకోదు. ఒంటిలోంచి బయటికి వస్తుంది. ఇరవై ఏళ్ల కోడలు ఉన్నట్టుండి పడిపోతుంది, గొంతు మారుతుంది, ఎవర్నీ గుర్తుపట్టదు. ‘అసర్ హోగయా’ అంటారు. ఆమిల్ దగ్గరికి తీసుకుపోతారు. తావీజ్ కడతాడు, పొగ వేస్తాడు, కొన్నిచోట్ల జిన్ను దిగడానికి మళ్లీ కొడతాడు. దెబ్బలకు పట్టిన జిన్నును దెబ్బలతోనే దించుతారన్నమాట! భరించలేని బాధ నుంచి మనసు తనను తాను కాసేపు దూరం చేసుకుంటుందని మానసిక వైద్యం చెప్తుంది. ఆ ఇంట్లో ఆమెకు కోపంగా మాట్లాడే హక్కు లేదు. జిన్నుకు ఉంది. అందుకే జిన్ను గొంతుతో మాట్లాడుతుంది.

ఇంకొంచెం చదువుకున్న ఇల్లయితే ఆర్ఎంపీ దగ్గరికి పోతారు. ‘జీ ఘబ్రాతా, హాత్ పావ్ సున్ హోతే’ అంటుంది ఆమె. గుండె దడ, చేతులు కాళ్లు తిమ్మిరి. గ్లూకోజ్ సీసా ఎక్కుతుంది, బలం సూది పడుతుంది, డబ్బులు పోతాయి. మళ్లీ నెలకు అదే కథ. ఆమె చెప్పేది రోగం పేరు కాదు, బతుకు పేరు. దాన్ని వినడానికి ఆమె భాష తెలిసిన చెవి కావాలి. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, ఆస్పత్రిలో ఇంగ్లీషు - ఈ మూడింటి మధ్య ఆమె బాధ తర్జుమా కాకుండానే ఆగిపోతుంది.

దర్గాల మీద నాకు పగ లేదు. ఏడవడానికి చోటు దొరకని ఆడవాళ్లు అక్కడైనా గుండె దించుకుంటున్నారు, హిందువులూ ముస్లింలూ కలిసి. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర, మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది సజీవంగా కాలిపోయారు. పరిగెత్తడానికి వాళ్లకు కాళ్లున్నాయి. గొలుసులు వదల్లేదు. దువాకు పోండి. గొలుసుకు పోవద్దు.

ఇక మన మగవాళ్ల తరఫున వినబడే ఒక వాదన ఉంది. ‘బయట రోజంతా అవమానాలు పడి వస్తాడు, ఇంట్లో కోపం రాదా?’ అంటారు. కిరాయికి ఇల్లు దొరకదు, పని దొరకదు, పేరు వినగానే మొహం మారుతుంది. నిజమే. ఆ అవమానం నేనూ ఎరుగుదును. కానీ మేస్త్రీ తిట్టినప్పుడు మేస్త్రీని కొట్టాడా? పోలీసు తిట్టినప్పుడు పోలీసును కొట్టాడా? అక్కడ కోపాన్ని మింగడం చేతనైన మనిషికి ఇంటి గడపలోకి రాగానే చేతకాకుండా పోయిందా? తిరగబడలేనివాళ్లు ఎవరో చూసుకుని మరీ వచ్చే కోపం అది. దానికి అవమానం అన్న పేరు పెడితే, అవమానాలు పడ్డవాళ్లందరికీ అవమానం. ఆ ఇంట్లో ఆమె కూడా ముస్లిమే. ఆమె రెండింతల అవమానం పడుతోంది. ఆమె ఎవర్ని కొట్టాలి?

దారులు లేవా అంటే ఉన్నాయి. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అది ఏ మతం స్త్రీకైనా వర్తిస్తుంది. తలాఖ్ తీసుకోనక్కర్లేదు. మొగుణ్ని జైలుకు పంపమని అడగనక్కర్లేదు. కొట్టకుండా ఉత్తర్వు, ఉన్న ఇంట్లోనే ఉండే హక్కు, పిల్లలను తన దగ్గర ఉంచుకునే వీలు అడగొచ్చు. మాటలతో, అవమానంతో మనసును పొడవడం కూడా హింసేనని ఆ చట్టం రాతపూర్వకంగా ఒప్పుకుంది. పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిసి కూడా చెప్పని పెద్దవాళ్లకే శిక్ష ఉంది. అంటే ఇజ్జత్ కోసం దాచడం ఇప్పుడు నేరం! ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098. మనసు బాగాలేనివాళ్లకు 2022 నుంచి టెలి మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఒకప్పుడు కొత్తకోట నుంచి మనసు డాక్టరంటే హైదరాబాద్ ఎర్రగడ్డే. ‘ఎర్రగడ్డ’ అంటే తిట్టు కూడా. ఇప్పుడు దారి దగ్గరయింది. అడ్డం పడుకున్నది మన పరువే.

కాబట్టి నా కొట్లాట చట్టంతో తర్వాత, ముందు నా మొహల్లాతో. మసీదు కమిటీ చందాల లెక్క చూస్తుంది, మైకు లెక్క చూస్తుంది. మొహల్లాలో ఏ ఇంట్లో పిల్లలు భయంతో బతుకుతున్నారో ఎందుకు చూడదు? నికా చదివే ఖాజీ పెళ్లికూతురు వయసు కాగితం ఎందుకు అడగడు? జమాత్ పంచాయితీలో కొట్టినవాడి మాట వినడానికి పదిమంది మగవాళ్లు కూచుంటారు, దెబ్బ తిన్నావిడ గడప అవతల నిలబడాల్సిందేనా? చదువుకున్న మన ఆడపిల్లలు దక్కనీలోనూ తెలుగులోనూ మాట్లాడగలరు. వాళ్లను మానసిక వైద్యం చదివించడానికి జకాత్ పైసలు ఎందుకు పనికిరావు? దావత్‌లకు, జోడే కీ రఖమ్‌కు పనికొచ్చే పైసలు పిల్లల మనసుకు పనికిరావా?

1991లో ఆ విమానం నిండా జనం ఉన్నారు. ఎయిర్‌పోర్టు నిండా జనం ఉన్నారు. అంతకుముందు నికాలో సాక్షులున్నారు, బంధువులున్నారు. ఆ పిల్ల ఏడుపు అందరి ముందరే ఉంది. అడిగింది ఒక్క మనిషి. ఆమె మన కౌమ్ మనిషి కాదు, మన మొహల్లా మనిషి కాదు. అది నాకు సిగ్గుగా ఉంది. బయటి మనిషి అడిగిందని కాదు, మనలో ఒక్కరూ అడగలేదని.

రమీజాబీ కోసం రోడ్డెక్కిన కౌమ్‌కు రోడ్డెక్కడం తెలుసు. ఈ గల్లీలోకి కూడా దిగమని అడుగుతున్నాను. ఠాణాలో దెబ్బను నేరమన్న నోటితో ఇంట్లో దెబ్బను నేరమనకపోతే, మన మొదటి మాట మీద కూడా ఎవరికీ నమ్మకం ఉండదు. ముందుగా మన పిల్లలకే ఉండదు. గోడ అవతల మనిషి పడ్డ చప్పుడు వినబడుతూనే ఉంది. టీవీ సౌండ్ తగ్గించండి. పోయి తలుపు కొట్టండి.